పట్టా చేతికొచ్చాక ఏ చెయిర్ పక్కన కూర్చోవాలి? కొత్త దంతవైద్యుల కోసం ఒక పోలిక

డిగ్రీ పూర్తయిన తొలి ఏడాది. కింది దవడలో నమిలే పెద్ద పళ్లలో మొదటిదైన మోలార్‌కు రూట్ కెనాల్ చేస్తున్నాను. పంటి ముందు వైపు వేరు కాలువలో ఫైలును (కాలువను శుభ్రం చేసే సన్నని లోహపు పుల్లను) తిప్పుతుండగా వేళ్ల మధ్య పట్టు ఒక్కసారిగా వదులైంది. బయటికి తీసి చూస్తే ఫైలు కొసన 3 మిల్లీమీటర్ల ముక్క లేదు. ఎక్స్‌రే తీస్తే వేరు అడుగున సన్నని తెల్లగీత కనిపించింది. పక్క గదిలో ఉన్న సీనియర్‌ను పిలిచాను. ఆయన ఎక్స్‌రే చూసి, ముందుగా రోగికి జరిగింది జరిగినట్టు చెప్పారు. తర్వాత ఆ ముక్క పక్క నుంచి 8వ నంబరు ఫైలును ఎలా జారవిడవాలో నా చేయి పట్టుకుని చూపించారు. 40 నిమిషాలు పట్టింది. పన్ను నిలిచింది.

ఆ రోజు పక్క గదిలో ఎవరూ లేకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. కాలువ అక్కడికే మూసేసి, నొప్పి రాకూడదని కోరుకుంటూ ఇంటికి వెళ్లేవాణ్ని. అందుకే కొత్తవాళ్లు ఎవరైనా వచ్చి ‘సొంత క్లినిక్ పెట్టాలా, ఎవరి దగ్గరైనా చేరాలా, పీజీకి వెళ్లాలా, విదేశం ప్రయత్నించాలా’ అని అడిగితే, జీతం సంగతి కంటే ముందు ఆ పక్క గది గురించి అడుగుతాను. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

## దేనితో కొలవాలి?

దంతవైద్యానికి పని కొరత రాదు. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి జబ్బులతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెబుతోంది. వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాల వాళ్లే. మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు, పళ్లను కూడా ఎక్కువ కాలం నిలుపుకుంటున్నారు. దాంతో పంటి వేర్ల మీద పుచ్చు, పాత క్యాపుల కింద పుచ్చు, రెండోసారి రూట్ కెనాల్, ఇంప్లాంట్లు పెరుగుతున్నాయి. అయితే జబ్బులు ఉన్నచోట దంతవైద్యులు ఉండరు, దంతవైద్యులు ఉన్నచోట ఒకే వీధిలో నాలుగు బోర్డులు కనిపిస్తాయి. కాబట్టి ‘ఈ వృత్తికి భవిష్యత్తు ఉందా’ అని కాకుండా, ‘ఏ చోట, ఏ తీరులో పనిచేస్తే నాకు నిలకడ దొరుకుతుంది’ అని అడగడం మేలు.

నేను చూసే కొలతలు నాలుగు. తొలి మూడేళ్లు మీ పనిని ఎవరు చూస్తారు, ఎవరు దిద్దుతారు? పదేళ్ల తర్వాత మీ మెడ, నడుము, చేతులు ఎలా ఉంటాయి? మీకు వచ్చే డబ్బును ఏ పద్ధతిలో లెక్కగడతారు? ఎంచుకున్న దారి నచ్చకపోతే వెనక్కి మళ్లడానికి ఎంత నష్టపోవాలి?

| దారి | దిద్దేవారు | శరీరం మీద భారం | డబ్బు వచ్చే తీరు | వెనక్కి మళ్లడం |
|---|---|---|---|---|
| వేరొకరి క్లినిక్‌లో అసోసియేట్ | యజమానిని బట్టి. మంచివారు దొరికితే ఇదే మేలు | మధ్యస్థం | వసూళ్లలో వాటా | సులువు |
| అనేక శాఖలున్న సంస్థ | శాఖను బట్టి మారుతుంది | ఎక్కువ, లక్ష్యాల ఒత్తిడి | జీతం, దాని మీద ప్రోత్సాహకం | సులువు |
| ప్రభుత్వ సర్వీసు | తక్కువ, పని మాత్రం చాలా | రద్దీని బట్టి | స్థిరమైన జీతం | మధ్యస్థం |
| సొంత క్లినిక్ | ఎవరూ ఉండరు | మీ చేతిలోనే ఉంటుంది | ఖర్చులు పోగా మిగిలింది | చాలా కష్టం |
| స్పెషలైజేషన్ | బాగా ఎక్కువ | శాఖను బట్టి | కొన్నేళ్లు తక్కువ, తర్వాత మెరుగు | కష్టం |
| బోధన, పరిశోధన | ఎక్కువ | తక్కువ | స్థిరం, పరిమితం | మధ్యస్థం |
| వేరే దేశపు లైసెన్సు | దేశాన్ని బట్టి | దేశాన్ని బట్టి | మొదట ఖర్చు, తర్వాత మెరుగు | కష్టం |

## అన్ని దారుల్లోనూ ఒకటే: శరీరం

కాలేజీలో దీని గురించి ఒక తరగతి చెప్పి వదిలేస్తారు. కానీ పని మానేయాల్సి వచ్చిన దంతవైద్యుల్లో చాలామందిని ఆపింది మెడ, భుజం, నడుము నొప్పులే. చాలా దేశాల్లో జరిగిన సర్వేల్లో సగానికి పైగా దంతవైద్యులు ఇలాంటి నొప్పి ఉందని చెప్పారు.

కారణం చెయిర్ పక్కన కూర్చుంటే తెలుస్తుంది. పై దవడ చివరి మోలార్‌లో వెనక వైపు పుచ్చు తీయాలి. నేరుగా కనిపించదు, అద్దంలో చూస్తూ చేయాలి. నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరిగే ఏరోటర్ (పన్ను చెక్కే డ్రిల్) నుంచి నీటి తుంపర వచ్చి అద్దం మీద పడుతుంది. కుడి చేతిలో ఏరోటర్, ఎడమ చేతిలో అద్దం. నోట్లోని నీటిని లాగే సక్షన్ గొట్టం పట్టుకుని, అద్దం మీదికి గాలి కొట్టే సహాయకులు పక్కన ఉంటే వీపు నిటారుగా ఉంచి పని ముగించవచ్చు. లేకపోతే రెండో నిమిషానికే మెడ వంగుతుంది, ఐదో నిమిషానికి నడుము పక్కకు ఒరుగుతుంది. రోజుకు పది మంది, ఏడాదికి మూడు వందల రోజులు అనుకుని లెక్క వేసుకోండి.

అందుకే ఏ ఉద్యోగం చూసినా నేను అడగమనే మొదటి ప్రశ్న: ‘ప్రతి చెయిర్‌కు శిక్షణ ఉన్న సహాయకులు ఉన్నారా?’ జీతం కొంచెం తక్కువైనా, నాలుగు చేతుల పద్ధతిలో పని జరిగే చోటు మీ వృత్తి జీవితాన్ని పొడిగిస్తుంది. మొదటి సంపాదనతో లూప్స్ (కళ్లజోడుకు అమర్చే భూతద్దాలు) కొనుక్కోండి. పెద్దగా కనిపించడం కోసమే కాదు. సరిగ్గా మీ కొలతకు అమర్చిన లూప్స్ పెట్టుకుంటే తల 20 డిగ్రీలకు మించి వంచాల్సిన అవసరం ఉండదు, దూరం తప్పితే బొమ్మ మసకబారి మీరే సర్దుకుని కూర్చుంటారు.

సూది గుచ్చుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. హెపటైటిస్ బి ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివారికి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్‌ఐవీ విషయంలో అది సుమారు 0.3 శాతం. సూది గుచ్చుకున్న వెంటనే ఎవరికి చెప్పాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఖర్చు ఎవరిది అన్నది గోడ మీద రాసి లేని క్లినిక్ మిమ్మల్ని పట్టించుకోదని అర్థం.

## అసోసియేట్‌గా చేరడం

తొలి రెండు మూడేళ్లకు నా ఓటు దీనికే. మీరు పెట్టుబడి పెట్టరు, అద్దె కట్టరు, రోగులు ఇప్పటికే ఉంటారు. యజమాని మంచి వైద్యులైతే కాలేజీలో ఐదేళ్లలో రాని మెళకువలు ఒక్క ఏడాదిలో వస్తాయి. క్యాప్ కోసం పన్ను చెక్కి ఇంప్రెషన్ (పంటి అచ్చు) తీశాక, ‘ఈ అంచు ల్యాబ్‌వాళ్లకు కనిపిస్తుందా?’ అని అడిగి మళ్లీ తీయించే మనిషి మీకు కావాలి.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒప్పందం విషయంలో. ‘40 శాతం ఇస్తాం’ అన్న మాటకు ఒంటరిగా అర్థం లేదు. ఒక క్యాప్‌కు రోగి 100 చెల్లించారు, ల్యాబ్ ఖర్చు 20 అనుకుందాం. ల్యాబ్ ఖర్చు ముందే తీసేసి మిగిలిన 80లో 40 శాతం ఇస్తే మీకు 32 వస్తుంది. మొత్తం 100 మీద 40 శాతం ఇచ్చి ల్యాబ్ ఖర్చంతా మీ మీద వేస్తే 20 మిగులుతుంది. శాతం ఒక్కటే, చేతికొచ్చేది మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. వాటా లెక్కగట్టేది బిల్లు వేసిన మొత్తం మీదా, వసూలైన మొత్తం మీదా అన్నది ఇంకో మెలిక. మీరు చేసిన పని ఏడాదిలోపు పాడైతే తిరిగి చేసే ఖర్చు ఎవరు భరిస్తారు? మానేశాక చుట్టుపక్కల ఎంత దూరంలో, ఎన్నేళ్ల పాటు ప్రాక్టీసు పెట్టకూడదు? ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. నేను చేరిన తొలి క్లినిక్‌లో అవి నోటిమాటగానే ఉండిపోయాయి. మానేసేటప్పుడు మూడు నెలల వాటా వదులుకుని బయటికి రావాల్సి వచ్చింది. అక్కడ నేర్చుకున్న పనికి మాత్రం ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

## శాఖలున్న సంస్థలో ఉద్యోగం

వీటిని పూర్తిగా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. సెలవులు, నెల తిరిగేసరికి జీతం, పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే మంచి ఆటోక్లేవ్, డిజిటల్ ఎక్స్‌రే, కొన్నిచోట్ల నోట్లోనే తిప్పే స్కానర్ ఉంటాయి. అప్పులతో బయటికి వచ్చినవారికి, చిన్న పిల్లలున్నవారికి ఆ నిలకడ చాలా విలువైనది.

ఇబ్బంది లక్ష్యాల దగ్గర మొదలవుతుంది. ‘ఈ నెల ఇన్ని క్యాపులు’ అని మేనేజరు చెప్పిన రోజున, ఫిల్లింగ్‌తో సరిపోయే పన్ను వంక మీ చూపు మారిపోయే ప్రమాదం ఉంది. చెల్లింపు పద్ధతి చికిత్సను ఎలా వంచుతుందో ఇంగ్లండ్ అనుభవం చూపిస్తుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో 2006 ఒప్పందం ప్రకారం దంతవైద్యుల పనిని యూనిట్లలో కొలిచారు. ఫిల్లింగ్ ఒకటి వేసినా ఆరు వేసినా ఒకే చికిత్సా క్రమానికి 3 యూనిట్లే. అవసరం ఎక్కువున్న రోగిని తీసుకుంటే దంతవైద్యులకే నష్టం. చివరికి 2022లో మూడు, అంతకంటే ఎక్కువ పళ్లకు 5 యూనిట్లు, మోలార్ రూట్ కెనాల్‌కు 7 యూనిట్లుగా మార్చారు. అది ప్రైవేటు సంస్థ కాదు, లాభాపేక్ష లేదు. అయినా లెక్క కట్టే తీరు చికిత్స మీద ప్రభావం చూపింది. కాబట్టి ఇంటర్వ్యూలో ఇలా అడగండి: చికిత్సా ప్రణాళిక మీద చివరి మాట ఎవరిది? రోగికి ఖర్చు వివరించేది మీరా, కౌంటర్ దగ్గరున్న మేనేజరా? జవాబు తడబడితే ఆ చోటు వదిలేయండి.

## ప్రభుత్వ సర్వీసు

స్థిరమైన జీతం, నియమిత వేళలు ఉంటాయి, రోగి జేబు చూసి చికిత్స చెప్పాల్సిన అవసరం ఉండదు. ఇవి తక్కువ సుఖాలు కావు. చేతికి కూడా మంచి సాధన దొరుకుతుంది. ఉదయం పూటలో 15 పళ్లు పీకే చోట రెండేళ్లు పనిచేస్తే, విరిగిన వేరు ముక్కను చూసి భయపడటం పోతుంది.

మరో వైపు చూస్తే, సామగ్రి లేక నిలపగలిగిన పన్నును కూడా పీకాల్సి రావడం మనసును తినేస్తుంది. ఈ దారి ఎంచుకునేవాళ్లు తక్కువ పరికరాలతో పళ్లు నిలిపే పద్ధతులు గట్టిగా నేర్చుకోవాలి. డ్రిల్ లేకుండా చేతి పరికరాలతో పుచ్చు తీసి ఫిల్లింగ్ పదార్థమైన గ్లాస్ అయానమర్‌తో నింపే పద్ధతి 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకుంది. పుచ్చును ఎక్కడికక్కడ ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఒక చిన్న సీసా, ఒక బ్రష్ చాలు. అది పూసిన చోట పన్ను నల్లబడుతుంది కాబట్టి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ప్రజారోగ్యం మీద మనసున్నవారు దీన్ని రెండో శ్రేణి ఉద్యోగంగా చూడకండి.

## సొంత క్లినిక్

చాలామంది కల ఇదే. నాదీ అదే, ఇప్పుడు నేను నడుపుతున్నదీ అదే. మీ చెయిర్, మీ వేళలు, మీ పద్ధతి. రోగికి తొందరపడకుండా గంటసేపు కేటాయించాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కానీ పూర్తిగా చెప్పాలి. వసూళ్లలో సగం, చాలాసార్లు అంతకంటే ఎక్కువ, మీ చేతికి రాకుండానే వెళ్లిపోతుంది: అద్దె, జీతాలు, ల్యాబ్, సామగ్రి, వాయిదాలు. రోగి రాని గంటలో కూడా ఆ ఖర్చులు నడుస్తాయి. కంప్రెసర్ ఆగిపోయిన ఉదయం మీరు వైద్యులు కారు, మెకానిక్ కోసం ఫోన్లు చేసే యజమాని. సహాయకురాలు సెలవు పెడితే పరికరాలు కడిగేది మీరే.

వీటన్నిటికంటే పెద్ద ఖర్చు ఇంకొకటి ఉంది. చదువు ముగించిన వెంటనే క్లినిక్ పెట్టినవాళ్లకు తప్పు చూపించేవారు ఉండరు. మీ రూట్ కెనాల్ రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్న సంగతి మీకు ఎవరూ చెప్పరు. ఆ రోగి నాలుగేళ్లకు నొప్పితో ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. మీకు మాత్రం మీ పని బాగుందనే తెలుసు. అలా పదేళ్లు గడిచాక అలవాట్లు మార్చుకోవడం ఎంత కష్టమో చూశాను.

అందువల్ల నా సలహా: కనీసం రెండేళ్లు ఇంకొకరి దగ్గర పనిచేశాక, ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాక మొదలుపెట్టండి. ఒక్క చెయిర్‌తో మొదలుపెట్టినా రెండో దానికి నీరు, గాలి, డ్రైనేజీ పైపులు ముందే వేయించండి, గచ్చు తర్వాత పగలగొట్టడం నరకం. స్కానర్, క్యాపులు చెక్కే మిల్లింగ్ యంత్రం మొదటి రోజే కొనకండి. చెయిర్ పక్కనే పంటికి అమర్చే ముక్కను తయారుచేసే యంత్రంతో తొలి చికిత్స 1985లోనే జ్యూరిక్‌లో జరిగింది. సాంకేతికత ఎక్కడికీ పారిపోదు, వాయిదాలు మాత్రం మొదటి నెల నుంచే వస్తాయి. ఆటోక్లేవ్, ఎక్స్‌రే, మంచి లైటు విషయంలో మాత్రం పొదుపు చేయకండి.

యజమాని పదవీ విరమణకు దగ్గరపడిన క్లినిక్‌ను కొనడం ఇంకో మార్గం. కొత్తది పెట్టడం కంటే ఖరీదు ఎక్కువ అనిపిస్తుంది కానీ, రోగులు మొదటి రోజు నుంచే ఉంటారు. పాత యజమాని ఆరు నెలలు మీతో కలిసి పనిచేసేందుకు ఒప్పుకుంటేనే తీసుకోండి, లేకపోతే మీరు కొన్నది గోడలూ కుర్చీలూ మాత్రమే.

## స్పెషలైజేషన్

‘ఏ శాఖకు గిరాకీ ఉంది’ అని చూసి చేరినవాళ్లు సీటులో కూర్చున్నాక బాధపడటం చూశాను. రోజంతా ఏ పని చేస్తే మీకు విసుగు రాదో అది చూసుకోండి.

పళ్ల వరుస సరిచేసే ఆర్థోడాంటిక్స్‌లో రాత్రి పిలుపులు తక్కువ, రక్తం తక్కువ. రోగితో రెండేళ్ల బంధం ఉంటుంది, ఫలితం నెమ్మదిగా వస్తుంది. ఓరల్ సర్జరీ దీనికి పూర్తిగా వ్యతిరేకం: ప్రమాదాల్లో విరిగిన దవడలు, ఆసుపత్రి డ్యూటీలు, అర్ధరాత్రి ఫోన్లు. శిక్షణ కూడా సుదీర్ఘం. అమెరికాలో 4 ఏళ్లు, వైద్య పట్టాతో కలిపితే 6 ఏళ్లు. యూరప్‌లో కొన్ని దేశాలు వైద్యం, దంతవైద్యం రెండు పట్టాలూ అడుగుతాయి. రూట్ కెనాల్ శాఖ అయిన ఎండోడాంటిక్స్ వారిది మైక్రోస్కోపు కింద ఓపిక. పై మోలార్‌లో దాగి ఉండే నాలుగో కాలువ కోసం అరగంట వెతికి, దొరికినప్పుడు సంతోషించే మనిషికి అది స్వర్గం. కాకపోతే ఇతర దంతవైద్యులు రోగులను పంపితేనే నడుస్తుంది. పిల్లల దంతవైద్యంలో చేతి నేర్పు కంటే గొంతు నేర్పు ముఖ్యం. క్యాపులు, కట్టుడు పళ్ల శాఖ ప్రోస్తోడాంటిక్స్‌లో సగం పని ల్యాబ్‌తో మాటల్లోనే జరుగుతుంది. చిగుళ్ల శాఖ పెరియోడాంటిక్స్‌కు ఇంప్లాంట్ల వల్ల కొత్త ఊపు వచ్చింది. నడుము ఇప్పటికే ఇబ్బంది పెడుతున్నవారు ఓరల్ రేడియాలజీ, పాథాలజీ వైపు చూడవచ్చు, ఉద్యోగాలు తక్కువని తెలిసి చేరాలి.

జనరల్ దంతవైద్యులుగా రెండేళ్లు పనిచేశాక పీజీకి వెళ్లినవాళ్లే దాని విలువ బాగా రాబట్టుకుంటారని నా నమ్మకం. అప్పటికి ఏ పని తమను రోజంతా నిలబెడుతుందో తెలుస్తుంది.

## బోధన

చెప్పడం ఇష్టమైతేనే. జీతానికి హద్దు ఉంటుంది, శరీరానికి విశ్రాంతి ఉంటుంది, చదువు ఆగదు. వారంలో రెండు రోజులు ప్రాక్టీసు కూడా చేసుకోగలిగితే రెండూ ఒకదానికొకటి పదును పెడతాయి.

## వేరే దేశపు లైసెన్సు

దంతవైద్య పట్టా సరిహద్దు దాటగానే చెల్లదు. బ్రిటన్‌లో విదేశీ పట్టాదారులకు పెట్టే రెండు భాగాల ఓఆర్‌ఈ, లేదా ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ నిర్వహించే ఎల్‌డీఎస్ పరీక్ష రాయాలి. ఆస్ట్రేలియాలో డెంటల్ కౌన్సిల్ పట్టాను పరిశీలించాక రాత పరీక్ష, ఆ తర్వాత ప్రాక్టికల్ ఉంటాయి. అమెరికాలో జాతీయ దంతవైద్య పరీక్ష ఐఎన్‌బీడీఈ రాసినా, చాలా రాష్ట్రాలు అక్కడి గుర్తింపు పొందిన కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదవమంటాయి. గల్ఫ్ దేశాల్లో పట్టాల ధ్రువీకరణ, కంప్యూటర్ పరీక్ష ఉంటాయి, అనుభవ సంవత్సరాలు కూడా అడుగుతారు.

ఇందులో చాలామంది గమనించని నష్టం ఒకటుంది. పరీక్షలకు చదువుతూ రెండు మూడేళ్లు పని మానేస్తే చేతి పట్టు పోతుంది, ప్రాక్టికల్‌లో అక్కడే తప్పుతారు. వారంలో మూడు రోజులైనా చెయిర్ దగ్గర ఉంటూ సిద్ధపడండి. పరీక్షకు గడువు పెట్టుకోండి: మూడేళ్లలో కాకపోతే ఏమి చేస్తారో ఇప్పుడే ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

అప్పు ఎక్కువగా ఉంటే సంస్థ ఉద్యోగం లేదా ప్రభుత్వ సర్వీసుతో మొదలుపెట్టండి, వారాంతాల్లో మంచి సీనియర్ దగ్గర సహాయకులుగా కూర్చోండి. చిన్న పిల్లలున్నవారు వేళలు రాసిచ్చే చోటు చూసుకోండి. సొంత క్లినిక్‌లో వేళలు మీ చేతిలో ఉన్నట్టే ఉంటాయి కానీ పన్ను నొప్పి వేళ చూసి రాదు. కుటుంబంలో ఇప్పటికే క్లినిక్ ఉన్నవాళ్లు కూడా ముందు ఏడాదిపాటు బయట పనిచేయండి, ఇంట్లో దిద్దేవాళ్లు తమ పద్ధతికే దిద్దుతారు. యాభై దాటి నొప్పులతో సతమతమవుతున్నవారు రోగుల సంఖ్య తగ్గించి, బోధనకో సలహాదారు పనికో కొంత సమయం మళ్లించండి. పూర్తిగా ఆగిపోయేవరకు ఎదురుచూడవద్దు.

ఏ చోటైనా ఒప్పుకునే ముందు ఒక పూర్తి రోజు అక్కడ కూర్చుని చూడండి. స్టెరిలైజేషన్ పౌచ్‌ల మీద తేదీ రాస్తున్నారా? మత్తు ఇచ్చాక సూదికి మూత ఒక్క చేత్తో పెడుతున్నారా, రెండు చేతులతోనా? రూట్ కెనాల్‌కు రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ కట్టే రబ్బరు తెర) కడుతున్నారా? అది 1864 నుంచి ఉన్న పరికరం, ‘సమయం లేదు’ అన్నది సరైన కారణం కాదు. మధ్యాహ్నం భోజనానికి అందరూ నిజంగా కూర్చుంటున్నారా? చివరగా, యజమానిని ‘మీ పని విఫలమైన ఎక్స్‌రే ఒకటి చూపిస్తారా’ అని మర్యాదగా అడగండి. వెంటనే కంప్యూటర్ తెరిచి, ఎక్కడ తప్పు జరిగిందో వేలితో చూపించేవారు దొరికితే, జీతం కాస్త తక్కువైనా అక్కడ చేరండి.